కెమెరా క్లిక్ పడకపోతే ఎలా సరిచూసుకోవాలి?

షట్టర్ బటన్ నొక్కినా ఫోటో పడకపోతే కెమెరా పాడైపోయిందని వెంటనే అనుకోవలసిన పని లేదు. డిజిటల్ కెమెరా ప్రతి ఫోటోకూ ముందు కొన్ని విషయాలను తనంతట తానే సరిచూసుకుంటుంది. బ్యాటరీలో చాలినంత ఛార్జి ఉందా, మూతలు సరిగా పడ్డాయా, మెమరీ కార్డులో రాయడానికి వీలుందా, లెన్స్ బిగుసుకుందా, ఫోకస్ కుదిరిందా అని చూసుకుని, వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా సాధారణంగా షట్టరును, అంటే వెలుతురును లోపలికి వదిలే రేకులను, కదలనివ్వదు. కాబట్టి మీరు చేయవలసినదల్లా అది ఎక్కడ ఆగిందో వరుసగా వెతుక్కుంటూ పోవడమే. పైసా ఖర్చు లేని పనులు ముందు, చేతికి కొంత నేర్పు కావలసినవి తరువాత, సర్వీసు సెంటరు అన్నిటికంటే చివర అన్న క్రమంలో ఆ వరుసను ఇక్కడ చెబుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. తెర మీద ఎలాంటి సందేశం కనిపించినా, పక్కనున్నవారు ఎంత తొందరపెట్టినా, కార్డును మాత్రం ఫార్మాట్ చేయకండి. కావలిలోనో కందుకూరులోనో పెళ్లి జరుగుతూ ఉంటుంది, జీలకర్ర బెల్లం అయిపోయి ఉంటుంది, మాంగల్యధారణకు ఇంకా కాసేపే ఉందనగా కెమెరా మొరాయిస్తుంది. ఆ కంగారులో ఫార్మాట్ నొక్కితే అప్పటిదాకా తీసినవన్నీ చేజారిపోయే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ఆ కార్డును బయటికి తీసి చిన్న డబ్బాలో భద్రపరచి, వేరే కార్డు వేసి పని కొనసాగించండి.

సగం నొక్కి చూడండి

షట్టర్ బటన్‌కు రెండు దశలు ఉంటాయి. వేలిని మెల్లగా ఆనించి సగం వరకు నొక్కితే కెమెరా వెలుతురును కొలిచి ఫోకస్ చేస్తుంది, మిగతా సగం కూడా నొక్కితే ఫోటో తీస్తుంది. వెలుతురు బాగా ఉన్న చోట నిలబడి, ఐదారు అడుగుల దూరంలో గోడకు వేలాడుతున్న క్యాలెండరు వంటి, గీతలూ అక్షరాలూ స్పష్టంగా ఉన్న వస్తువు వైపు కెమెరాను పట్టుకుని సగం నొక్కండి. వేలిని రెండు సెకన్లపాటు అక్కడే ఆపి, ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో గమనించండి.

తెరా, కన్ను ఆనించి చూసే వ్యూఫైండరూ రెండూ చీకటిగానే ఉంటే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాలి. అంకెలు వెలిగినా లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూ స్థిరపడకపోతే ఫోకస్ కుదరడం లేదని అర్థం. బీప్ శబ్దం వచ్చి ఫోకస్ కుదిరినా, పూర్తిగా నొక్కినప్పుడు కదలిక లేకపోతే కార్డునో సెట్టింగునో అనుమానించాలి. తెర మీద ఎర్ (Err) అనే మాట గానీ ఏదైనా అంకె గానీ కనిపిస్తే దాన్ని చెరిపేసే ముందు ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, తరువాత అవసరపడుతుంది.

ఇక్కడే చేయదగిన ఇంకో పరీక్ష ఉంది. లెన్స్ పక్కనున్న ఏఎఫ్ (ఆటో ఫోకస్), ఎంఎఫ్ (చేతితో చేసే మాన్యువల్ ఫోకస్) అనే చిన్న స్విచ్‌ను ఎంఎఫ్ వైపు జరిపి, మళ్లీ పూర్తిగా నొక్కండి. స్విచ్ లేని లెన్స్ అయితే మెనూలో ఫోకస్ మోడును మాన్యువల్‌కు మార్చండి. ఇప్పుడు క్లిక్ పడిందంటే షట్టరు, బ్యాటరీ, కార్డు మూడూ బాగానే ఉన్నట్టే, ఇక ఫోకస్ సంగతి ఒక్కటి చూసుకుంటే చాలు. నా దృష్టిలో మొత్తం వెతుకులాటలో ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ తేల్చే పరీక్ష వేరే లేదు.

అసలు ఏమీ వెలగకపోతే

బ్యాటరీని బయటికి తీసి, దాని మీద ఉన్న లోహపు బిళ్లలను పొడి నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ సరైన వైపు తిప్పి పెట్టండి. బ్యాటరీ మూతను టక్కున పడేదాకా మూయండి. చాలా కెమెరాలలో ఆ మూతకు లోపలివైపు గింజంత ప్లాస్టిక్ మొన ఉంటుంది, మూత మూసినప్పుడు అది లోపలున్న ఒక చిన్న మీటను నొక్కుతుంది. ఆ మొన విరిగితే మూత మూసి ఉన్నా తెరిచే ఉందనుకుని కెమెరా ఆన్ కాదు. మూతను వేలితో గట్టిగా అదిమి పట్టుకుని స్విచ్ వేసినప్పుడు కెమెరా వెలిగితే లోపం అక్కడే ఉంది, ఆ మూత ఒక్కటి మార్పిస్తే సరిపోతుంది.

బ్యాటరీ నిజంగా ఛార్జి అయిందో లేదో ఛార్జరు దీపాన్ని చూసి నిర్ధారించుకోండి, అయితే ఆ దీపం భాష కంపెనీని బట్టి మారుతుంది. కెనాన్ ఎల్‌సీ-ఈ10 ఛార్జరులో నారింజ దీపం ఛార్జి అవుతోందని, ఆకుపచ్చ దీపం నిండిందని చెబుతాయి. నికాన్ ఎంహెచ్-24 ఛార్జరులో దీపం మిణుకుమిణుకుమంటే ఛార్జి అవుతున్నట్టు, ఆగకుండా నిలకడగా వెలిగితే నిండినట్టు. ఒక కంపెనీ అలవాటుతో ఇంకో కంపెనీ ఛార్జరును చూసి, సగం నిండిన బ్యాటరీని తీసేసేవారు తక్కువేమీ కాదు. నకిలీ బ్యాటరీలు ఛార్జరులో బాగానే నిండినట్టు కనిపించి, కెమెరాలో పెట్టగానే గుర్తింపు దొరకక ఆగిపోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జి చేయవద్దు, కెమెరాలోకి బలవంతంగా దూర్చవద్దు.

పాత చిన్న కెమెరాలలో పెన్సిల్ సెల్లులు వేసేవి ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వాటికి గోడ గడియారానికి వేసే మామూలు సెల్లులు పనికిరావు. కెమెరా లెన్స్ బయటికి వచ్చేటప్పుడు, ఫ్లాష్ ఛార్జి అయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ సెల్లులు అంత ఇవ్వలేక కెమెరా ఆన్ అయినట్టే అయి ఆరిపోతుంది. ఆల్కలైన్ సెల్లులు గానీ, మళ్లీ ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు గానీ వేయండి. ఛార్జి చేసుకునే రకం 1.2 వోల్టులు మాత్రమే ఇస్తుంది, ఆల్కలైన్ 1.5 వోల్టులు ఇస్తుంది, కనుక మెనూలో సెల్లు రకాన్ని ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి.

ఎండ కూడా కెమెరాను ఆపగలదు. సాధారణంగా కెమెరాలను 0 నుంచి 40 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య పనిచేసేలా తయారుచేస్తారు. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు మే నెల మధ్యాహ్నం గాలే ఆ హద్దు దాటుతుంది, నిలిపి ఉంచిన కారు లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. తెర మీద చూస్తూ తీసే లైవ్ వ్యూలోనో వీడియోలోనో చాలాసేపు నడిపిన తరువాత తెర మీద ఉష్ణమాపకం బొమ్మ కనిపించి కెమెరా ఆగితే, బ్యాటరీ తీసి, మూతలు తెరిచి, నీడలో చల్లారనివ్వండి. ఫ్రిజ్జులో పెట్టడం, తడిగుడ్డ చుట్టడం వంటివి చేయవద్దు, లోపల చెమ్మ పడుతుంది.

కార్డు దగ్గర ఆగినప్పుడు

ఎస్‌డీ కార్డును పేరు కనిపించేలా అరచేతిలో పెట్టుకుని చూడండి. ఎడమ అంచున, పై భాగంలో, గోటితో కదిలేటంత చిన్న మీట ఉంటుంది. దాని పక్కన లాక్ అనే మాటా కిందికి చూపే బాణమూ అచ్చువేసి ఉంటాయి. మీట కిందికి జారి ఉంటే కార్డులో రాయడానికి కెమెరా ఒప్పుకోదు, దాన్ని పైకి నెడితే సరిపోతుంది. ఏళ్ల తరబడి వాడిన కార్డులలో ఈ మీట వదులై, కెమెరాలోకి తోసేటప్పుడు దానంతట అదే కిందికి జారుతుంది, మీరు పైకి నెట్టి పెట్టినా మళ్లీ అదే సందేశం వస్తూ ఉంటుంది. తాత్కాలికంగా మీట పక్కన సన్నని టేపు ముక్క అంటించేవారున్నారు గానీ, ఆ టేపు లోపల ఊడి స్లాటులో ఇరుక్కుంటే కొత్త ఖర్చు తెచ్చిపెడుతుంది కనుక ఆ కార్డును పక్కన పెట్టడమే మేలు. ఫోనులో వాడే మైక్రో ఎస్‌డీ కార్డుకు మీట ఉండదు, కాని దాన్ని పెట్టే అడాప్టరుకు ఉంటుంది, అక్కడ కూడా చూడండి.

తరువాత కార్డు సైజు. 2 జీబీ దాకా ఉన్నవి ఎస్‌డీ, అంతకు మించి 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆ పైన ఎస్‌డీఎక్స్‌సీ రకాలు. చూడటానికి మూడూ ఒక్కలాగే ఉంటాయి, స్లాటులో మూడూ దూరతాయి. ఎస్‌డీహెచ్‌సీ 2006లో, ఎస్‌డీఎక్స్‌సీ 2009లో వచ్చాయి కాబట్టి అంతకు ముందు తయారైన కెమెరా వాటిని గుర్తించలేకపోవచ్చు. బీరువాలోంచి బయటికి తీసిన పాత కెమెరాకు కొత్తగా కొన్న 64 జీబీ కార్డు వేసి, కెమెరా చెడిపోయిందని అనుకోవడం ఇలాగే జరుగుతుంది.

కార్డు నిండిపోవడం అందరికీ తెలిసిన సంగతే. కార్డులో బోలెడు ఖాళీ ఉన్నా కెమెరా ఆగిపోయే సందర్భం ఒకటుంది, దాన్ని చాలామంది ఊహించరు. కెమెరా ఫోటోలను 100 నుంచి 999 దాకా అంకె ఉన్న ఫోల్డర్లలో, 0001 నుంచి 9999 దాకా అంకె ఉన్న ఫైళ్లుగా రాస్తుంది. 999వ ఫోల్డరులో 9999వ ఫైలు రాసిన తరువాత ముందుకు వెళ్లడానికి అంకె లేదు కనుక అది ఇక తీయదు. అన్ని ఫోటోలు మనం తీయలేదు కదా అనిపించవచ్చు. వేరే కెమెరాలో వాడిన కార్డును అరువు తెచ్చి వేసినప్పుడు, అందులోని పెద్ద అంకె నుంచే లెక్క కొనసాగించే కెమెరాలున్నాయి, ఆ విధంగా ఈ స్థితి రావచ్చు. కార్డులో ఉన్నవి కంప్యూటరులోకి ఎక్కించుకుని, మెనూలో ఫైల్ నంబరింగును రీసెట్ చేసి, ఆ తరువాత కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేస్తే మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది.

నికాన్ కెమెరాలలో కార్డు తేడా చేస్తే సీహెచ్‌ఏ అనీ, ఫార్మాట్ చేయని కార్డు పెడితే ఎఫ్ఓఆర్ అనీ, అసలు కార్డే లేకపోతే బ్రాకెట్లలో ఇంగ్లిషు E అక్షరమూ కనిపిస్తాయి. కెనాన్‌లో కార్డును అందుకోలేకపోతే ఎర్ 02, కార్డు నిండితే ఎర్ 04 వస్తాయి. కార్డు లేకుండా క్లిక్ పడనివ్వాలా వద్దా అన్నది ఈ రెండు కంపెనీల మెనూలలోనూ మన చేతిలోనే ఉంటుంది. ఈ సెట్టింగును తప్పకుండా క్లిక్ పడనివ్వని వైపే ఉంచుకోండి. లేకపోతే కార్డు మరచిపోయిన రోజున షట్టరు టకటకా పడుతూనే ఉంటుంది, సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే ఒక్క ఫోటో కూడా ఉండదు.

పొరపాటున ఫోటోలు చెరిగిపోతే ఆ కార్డు మీద ఇంకేమీ రాయకుండా వెంటనే బయటికి తీయండి. ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా విషయసూచిక మాత్రమే చెరుగుతుంది, ఫోటోల సమాచారం దాని మీద కొత్తది రాసేదాకా కార్డులోనే ఉంటుంది. ఫోటోరెక్, రెకువా వంటి ప్రోగ్రాములతో కంప్యూటరులో వాటిని చాలా వరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఫోకస్ కుదరక ఆగినప్పుడు

ఫోకస్ కుదిరితేనే షట్టరు వదలాలన్న నియమం చాలా కెమెరాలలో మొదటి నుంచే పెట్టి ఉంటుంది. కెనాన్‌లో వన్ షాట్, నికాన్‌లో ఏఎఫ్-ఎస్ అనే మోడ్‌లు ఇలా నడుస్తాయి. వ్యూఫైండరు అడుగున ఉన్న చిన్న చుక్క నిలకడగా వెలిగితే కుదిరినట్టు, మిణుకుమంటూ ఉంటే కుదరనట్టు. మిణుకుమంటున్నంతసేపూ బటన్‌ను ఎంత గట్టిగా నొక్కినా ప్రయోజనం లేదు, గట్టిగా నొక్కితే బటనే పాడవుతుంది.

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే కారణం మరీ దగ్గరికి వెళ్లడం. ప్రతి లెన్స్‌కూ ఇంతకంటే దగ్గరగా ఫోకస్ చేయలేనన్న ఒక హద్దు ఉంటుంది. కెనాన్ 18-55 ఎస్‌టీఎం లెన్స్‌కు అది 25 సెంటీమీటర్లు, 55-250 ఎస్‌టీఎంకు 85 సెంటీమీటర్లు, నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300కు 1.1 మీటర్లు. ఈ దూరాన్ని లెన్స్ అంచు నుంచి కాకుండా, కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సారు ఉన్న చోటు నుంచి కొలుస్తారు. ఆ చోటును చూపడానికి కెమెరా పైభాగంలో ఒక వలయం, దాని మధ్యగా ఒక గీత ఉన్న గుర్తు వేసి ఉంటుంది. పెళ్లిలో ఉంగరాన్నో, వెంకటగిరి చీర అంచులోని జరీ పనినో దగ్గరగా తీయబోయినప్పుడు కెమెరా మొరాయిస్తే, ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ సగం నొక్కండి.

పెద్ద లెన్స్‌లకు ఇంకో చిక్కు ఉంది. నేలపట్టులో గూడబాతులను తీయడానికి వెళ్లేవారు వాడే నికాన్ 200-500 లెన్స్‌కు పక్కన ఒక స్విచ్ ఉంటుంది. అది ఫుల్ వైపు ఉంటే 2.2 మీటర్ల నుంచి ఫోకస్ కుదురుతుంది, రెండో వైపు ఉంటే 6 మీటర్ల లోపలున్న దేనినీ పట్టదు. దూరపు గూళ్లను తీస్తున్నంతసేపూ బాగా పనిచేసిన కెమెరా, పక్కనే కంచె మీద వాలిన పిట్ట వైపు తిప్పగానే ఆగిపోతే ముందు ఈ స్విచ్ చూడండి.

దూరం సరిగానే ఉన్నా, ఎదురుగా ఉన్నదానిలో పట్టుకోవడానికి గీత గానీ రంగుల తేడా గానీ లేకపోతే ఫోకస్ తడబడుతుంది. సున్నం వేసిన తెల్లగోడ, మబ్బు లేని ఆకాశం, చీకటి మండపం ఇలాంటివే. చీమకుర్తిలో పాలిష్ పట్టిన గెలాక్సీ గ్రానైటు పలకను తీయబోతే చిక్కు మరో రకం. నల్లని నునుపు మీద ఎదుటివారి ముఖమూ షెడ్డు రేకులూ అద్దంలోలాగా కనిపిస్తాయి, రాతి మీద ఫోకస్ చేయాలో ఆ ప్రతిబింబం మీద చేయాలో కెమెరా తేల్చుకోలేదు. పలక అంచును గానీ, దాని మీద సుద్దతో రాసిన కొలతలను గానీ వ్యూఫైండరులో ఫోకస్ చోటును చూపే గుర్తు కిందికి తెచ్చి సగం నొక్కి, వేలిని వదలకుండా కెమెరాను కావలసిన చోటికి జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కండి. చీకట్లో అయితే ముఖం మీద ఫోను టార్చి వెలుతురు ఒక క్షణం పడేలా చేసి ఫోకస్ కుదుర్చుకోవచ్చు.

లెన్స్, కెమెరా కలిసే చోట

కొన్ని లెన్స్‌లను మోసుకెళ్లడానికి వీలుగా లోపలికి ముడుచుకునేలా చేశారు. నికాన్ ఏఎఫ్-పీ 18-55, కెనాన్ ఆర్ఎఫ్-ఎస్ 18-45 ఈ రకానివి. వీటిని జూమ్ రింగు తిప్పి బయటికి లాగనంతవరకు కెమెరా ఫోటో తీయదు, ఆ సంగతి తెర మీద ఇంగ్లిషులో చెబుతుంది కూడా. కొత్తగా కెమెరా కొన్నవారు మొదటి రోజే దుకాణానికి తిరిగి వెళ్లడానికి ఇది తరచుగా కారణమవుతుంది.

కెనాన్‌లో ఎర్ 01 వస్తే లెన్స్‌కూ కెమెరాకూ మధ్య సంకేతాలు అందడం లేదని అర్థం. స్విచ్ ఆపి, లెన్స్ విప్పి, దాని వెనుక వలయంలో ఉన్న బంగారు రంగు బిళ్లలను పొడిగా ఉన్న మెత్తని నూలుగుడ్డతో తుడవండి. మరక పోకపోతే గుడ్డ కొసకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక్క చుక్క తడిపి తుడిచి, ఆరనిచ్చి బిగించండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చెప్పేవారు ఉన్నారు, నేను దాన్ని సిఫార్సు చేయను. రబ్బరు పొట్టు కెమెరా లోపల పడితే సెన్సారు మీదికి చేరుతుంది. లెన్స్ బిగించేటప్పుడు టక్కుమనే శబ్దం వచ్చేదాకా తిప్పాలి, వెంట్రుకవాసి తక్కువ తిరిగినా కెమెరా దాన్ని లెన్స్‌గా గుర్తించదు.

నికాన్‌లో ఎఫ్‌ఈఈ అని కనిపిస్తే, అపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం) రింగు ఉన్న పాత డీ రకం లెన్స్ వేశారన్నమాట. ఆ రింగును అన్నిటికంటే పెద్ద అంకె దగ్గరికి, అంటే 16కో 22కో తిప్పి లాక్ చేయండి, వెంటనే పనిచేస్తుంది. ఎఫ్ అక్షరం పక్కన రెండు గీతలు కనిపిస్తే లెన్స్ సరిగా బిగుసుకోలేదనో, సంకేతాలు పంపని లెన్స్ అనో గ్రహించాలి. ఇంకా కెనాన్‌లో ఎర్ 20, 30, 99 వంటివి వస్తే స్విచ్ ఆపి, బ్యాటరీ తీసి, కాసేపు ఆగి మళ్లీ పెట్టండి. లెన్స్ మార్చి చూడండి. అయినా అదే అంకె వస్తూ ఉంటే లోపల యంత్రభాగంలో లోపం ఉండే అవకాశం ఎక్కువ.

కొన్ని సెట్టింగులు

ఇవి ఒక్కొక్కటి ఒక్క నిమిషంలో తేలిపోతాయి. సెల్ఫ్ టైమరు 10 సెకన్లకు పెట్టి ఉంటే నొక్కిన వెంటనే ఫోటో పడదు, ముందువైపు దీపం మిణుకుమంటూ ఉంటుంది. రిమోట్ మోడులో ఉంటే బటన్‌కు బదులు రిమోట్ కోసం కెమెరా ఎదురుచూస్తుంది. మిర్రర్ లాకప్ ఆన్ అయి ఉంటే మొదటి నొక్కుకు అద్దం మాత్రమే పైకి లేస్తుంది, ఫోటో కోసం రెండోసారి నొక్కాలి. ఆటో మోడులో ఫ్లాష్ ఛార్జి అవుతున్నంతసేపూ, మెరుపు గుర్తు మిణుకుమంటున్నంతసేపూ ఆగాలి. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలించి ఉంటే తీసేయండి. చాలా ఫోటోలు వరుసగా, ముఖ్యంగా పెద్ద ఫైళ్లుగా నిలిచే రా (RAW) ఫార్మాటులో తీసిన తరువాత కెమెరా ఆగితే, అది తీసినవాటిని కార్డులోకి ఎక్కించుకుంటోంది. కార్డు మూత దగ్గర ఎర్ర దీపం వెలుగుతూ ఉంటుంది, ఆ దీపం ఆరేదాకా మూత తెరవకూడదు. ఇలా తరచూ జరుగుతుంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్ల వేగం ఉన్న యూ3 లేదా వీ30 గుర్తు కార్డు కొనుక్కోండి.

ఏ సెట్టింగు మారిందో అంతుపట్టకపోతే మెనూలో రీసెట్ ఆల్ సెట్టింగ్స్ ఎంచుకోండి. దీనివల్ల కార్డులోని ఫోటోలకు ఏమీ కాదు.

ఇసుక, ఉప్పుగాలి, రాతిదుమ్ము

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో కెమెరా మీద పడే దెబ్బలు మిగతా చోట్లకంటే కొంచెం వేరు. మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రపు ఒడ్డున వాడిన చిన్న కెమెరాలో లెన్స్ సగం బయటికి వచ్చి కిర్రుమని ఆగి, లెన్స్ ఎర్రర్ అని చూపిస్తే, గొట్టాల మధ్య సందులో ఇసుక రేణువు చిక్కుకుందని చెప్పవచ్చు. వెంటనే స్విచ్ ఆపండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే లోపలి సన్నని పళ్లచక్రం అరిగిపోతుంది. లెన్స్ నేలవైపు ఉండేలా కెమెరాను తలకిందులుగా పట్టుకుని, రబ్బరు బ్లోయరుతో సందు చుట్టూ గాలి కొట్టండి. సందులో పల్చని కాగితం అంచును మెల్లగా చుట్టూ తిప్పితే రేణువులు కొన్ని రాలతాయి. లెన్స్‌ను వేళ్లతో లాగడం, నెట్టడం చేయవద్దు.

చీమకుర్తి చుట్టుపక్కల క్వారీలలోనూ, మార్కాపురం పలకల పరిశ్రమలలోనూ, ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గరా దుమ్ము సన్నగా పిండిలాగా ఉంటుంది. అది షట్టర్ బటన్ అంచున చేరితే సగం నొక్కు పనిచేసి పూర్తి నొక్కు పనిచేయకుండా పోతుంది. బటన్ చుట్టూ మెత్తని కుంచెతో దులిపి, బ్లోయరుతో ఊది, స్విచ్ ఆపి ఉంచి బటన్‌ను కొన్నిసార్లు నొక్కి వదలండి. రిమోట్‌తోనో తెర మీద వేలు తాకించో తీస్తే క్లిక్ పడుతూ, బటన్‌తో మాత్రం పడకపోతే లోపం బటన్‌దేనని తేలినట్టే. కర్మాగారాలలో, టైర్ల దుకాణాలలో ఉండే కంప్రెసరు గాలిని కెమెరా మీద ఎన్నడూ కొట్టించవద్దు. ఆ గాలిలో నూనె, నీటి తుంపర ఉంటాయి, దాని వేగానికి కాగితంకంటే పల్చని షట్టరు రేకులు వంగిపోతాయి. లెన్స్ విప్పినప్పుడు లోపల కనిపించే ఆ రేకులను వేలితో గానీ గుడ్డతో గానీ తాకరాదు.

సముద్రపు నీరు పడితే ఇంట్లో చేయగలిగింది తక్కువ. స్విచ్ వేయకుండా బ్యాటరీ, కార్డు తీసేసి, బయటి ఉప్పును కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో తుడిచి, అదే రోజు మరమ్మతుకు ఇవ్వండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉప్పు పోదు, బియ్యపు పిండి సందులలోకి చేరుతుంది. ఏసీ గదిలోంచి ఉక్కగా ఉన్న బయటికి తెచ్చినప్పుడు లెన్స్ మీద ఆవిరి పట్టి ఫోకస్ కుదరకపోతే, అది దానంతట అదే ఆరేదాకా అరగంటో గంటో ఆగండి, ఆ సమయంలో లెన్స్ విప్పవద్దు. మామూలు రోజుల్లో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరాను ఉంచితే బూజు పట్టదు. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చిన్న తేమ మీటరు పెట్టుకుంటే ఇంకా మంచిది.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు

ఇన్ని చూసినా క్లిక్ పడకపోతే షట్టరు ఆయుష్షు తీరి ఉండవచ్చు. కెనాన్ 5డీ మార్క్ 4 షట్టరును 1,50,000 క్లిక్కులకు, నికాన్ డీ850 షట్టరును 2,00,000 క్లిక్కులకు పరీక్షించినట్టు కంపెనీలు ప్రకటించాయి, తక్కువ ధర కెమెరాలలో ఇది ఇంకా తక్కువ. పెళ్లిళ్ల కాలంలో రోజుకు వేలల్లో తీసే స్టూడియో కెమెరా కొన్నేళ్లలోనే ఆ అంకెకు చేరుతుంది. నికాన్‌తో తీసిన ఫోటో ఫైలులోనే ఈ లెక్క నమోదై ఉంటుంది, కంప్యూటరులో ఎగ్జిఫ్ సమాచారం (ఫోటోతో పాటు ఫైలులో దాగి ఉండే వివరాలు) చూపే ప్రోగ్రాముతో చూసుకోవచ్చు.

కెమెరాను మీరే విప్పకండి. ఫ్లాష్ ఉన్న ప్రతి కెమెరాలోనూ ఒక కెపాసిటరు ఉంటుంది, అది బ్యాటరీ తీసేసిన తరువాత కూడా 300 వోల్టుల వరకు పట్టి ఉంచి గట్టి షాకు కొట్టగలదు. నెల్లూరు వైపువారు సాధారణంగా చెన్నైకీ, ఒంగోలు వైపువారు విజయవాడకూ తీసుకువెళతారు. ఎక్కడికి వెళ్లినా కార్డును మీ దగ్గరే ఉంచుకుని, కెమెరా, లెన్స్‌ల సీరియల్ నంబర్లు రసీదు మీద రాయించుకోండి. సగం నొక్కినప్పుడు ఏం జరిగింది, ఎంఎఫ్‌లో క్లిక్ పడిందా, వేరే లెన్స్‌తో, వేరే కార్డుతో ఏమైంది, ఏ అంకె కనిపించింది అన్నవి ఒక కాగితం మీద రాసి, ఎర్రర్ ఫోటోతో సహా చూపించండి. విప్పే ముందు అంచనా ఖర్చు అడగండి. షట్టరు మార్చే ఖర్చు అదే మోడల్ వాడిన కెమెరా ధరలో సగం దాటుతుంటే మరమ్మతు వద్దని చెప్పి, లెన్స్‌లను ఉంచుకుని బాడీ మాత్రం మార్చుకోండి.